ఆ జీ6 కుర్రాడు త్వరగా ఆలోచించడు, తక్కువ ఆలోచిస్తాడు

తమ్ముడూ, నీ ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది. ఇదే ఫిర్యాదు ఈ ఏడాదిలో నా దగ్గరికి రావడం నాలుగోసారి. కొత్తగా చదివేవాళ్ల కోసం ముందు నువ్వడిగింది క్లుప్తంగా చెప్పేస్తాను. నీది గుంటూరు, బీటెక్ మూడో ఏడు, లిచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో బ్లిట్జ్ (కొద్ది నిమిషాల్లో అయిపోయే వేగం ఆట) రేటింగ్ 1750. విజయవాడ, గుంటూరు వాళ్లం కలిసి ఆదివారం రాత్రి ఆడుకునే అరీనాలో (వరసపెట్టి ఆటలాడే ఆన్‌లైన్ టోర్నమెంటులో) ఒకడున్నాడు. నల్లపావులు వస్తే, అవతలివాడు ఏం ఆడినా జీ6 వేస్తాడు, అంటే రాజు వైపు గుర్రం ముందున్న బంటుని ఒక గడి జరుపుతాడు. నీతో 12 ఆటలు ఆడి 11 గెలిచాడు. వాటిలో ఆరింట్లో గెలుపు స్థితి నీదేనని తర్వాత ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే చెస్ ప్రోగ్రామ్) చెప్పింది. "అతని ఎత్తుల్లో గొప్పతనం ఏమీ కనపడదు, ఒక్క శాక్రిఫైస్ లేదు, మరెలా గెలుస్తున్నాడు? సాఫ్ట్‌వేర్ ఏమైనా పెట్టుకున్నాడా? లేకపోతే ఇదేం స్టైలు, నేర్చుకుంటే వస్తుందా?" అన్నావు.

సాఫ్ట్‌వేర్ సంగతి ముందు తేల్చేద్దాం. ఆ కుర్రాడు నాకు తెలుసు. పోయిన వేసవి సెలవుల్లో వరసగా ఐదారు ఆదివారాలు విజయవాడ పటమటలో మా ఇంటికొచ్చి, నా పక్కన కుర్చీ వేసుకుని, నా కంప్యూటర్‌లోనే ఆడాడు. పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పను. జీ6 కుర్రాడనే పిలుచుకుందాం. నేను ఇరవై ఏళ్లుగా పిల్లలకు చెస్ చెప్తున్నాను, చిన్న టోర్నమెంట్లలో ఆర్బిటర్‌గానూ (రిఫరీగా) కూర్చున్నాను. మోసం చేసేవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని కనిపెట్టలేనంత పిచ్చివాణ్ణి కాదు.

నా మాట నమ్మక్కర్లేదు, నువ్వే చూసుకోవచ్చు. లిచెస్‌లో అయిపోయిన ఆట తెరిస్తే, కింద ఒక్కో ఎత్తుకు ఎంత సమయం తీసుకున్నారో చూపించే గ్రాఫ్ ఉంటుంది. ఇంజిన్ చూసి ఆడేవాడి గ్రాఫ్ దువ్విన తలలా ఉంటుంది. నువ్వు గుర్రాన్ని కొడితే తిరిగి కొట్టడానికీ నాలుగు సెకన్లే, తల బద్దలయ్యే చోటా నాలుగు సెకన్లే. ఇంజిన్‌లో ఎత్తు పెట్టి, జవాబు చూసి, తెచ్చి వేసేందుకు పట్టే టైము అది. ఈ కుర్రాడి గ్రాఫ్ చూడు. పది ఎత్తులు నేలకు అతుక్కుని ఉంటాయి, తర్వాత ఒక్కచోట తాటిచెట్టంత గీత, మళ్లీ నేల. మనిషి ఆడిన ఆట అలాగే ఉంటుంది.

నీకు కావలసిన జవాబు కూడా ఆ తాటిచెట్టు దగ్గరే ఉంది.

మా ఇంట్లో జరిగిన ఒక ఆట చెప్తాను. మూడు నిమిషాల ఆట, ఇంక్రిమెంట్ (ఎత్తు వేసినప్పుడల్లా కలిసే అదనపు సెకన్లు) లేదు. అవతల ఎవరో బాగా ఆడేవాడే, మనవాడి కంటే రేటింగ్ వంద ఎక్కువ. ఆట చివరికొచ్చేసరికి మనవాడి దగ్గర ఒక ఏనుగు, ఒక బంటు. అవతలివాడికి ఏనుగు, మూడు బంట్లు, వాటిలో రెండు పక్కపక్కనే నడిచొస్తున్నాయి. తీరిగ్గా ఆడితే పదిసార్లకు తొమ్మిదిసార్లు మనవాడు ఓడాలి. గడియారంలో ఇతనికి 7.8 సెకన్లు, అతనికి 5.1. నేనైతే నా బంటుని తోయడం మొదలుపెట్టేవాణ్ణి. ఇతను బంటు వైపు చూడనే లేదు. ఏనుగుని బోర్డు అవతలి అంచుకు లాక్కెళ్లి అక్కడ్నించి చెక్ ఇచ్చాడు. రాజు జరిగాడు. మళ్లీ చెక్. జరిగాడు. మళ్లీ. ఎదురుగా ఉన్న రాజుకి ప్రతిసారీ వెళ్లడానికి రెండే గళ్లు. ఆ రెండింటికీ జవాబు ఇతని చెయ్యి ముందే ఎరుగును, మౌస్ ఆ వరసలోనే తిరుగుతోంది. పదకొండో చెక్‌కి అవతలివాడి టైము సున్నా. ఇతనికి ఇంకా మూడు సెకన్లు మిగిలాయి.

"ఇదేం గెలుపురా" అన్నాను. "చెక్ ఇస్తే ప్రీమూవ్ పోతుంది కదా మాస్టారూ" అన్నాడు, అదేదో అందరికీ తెలిసిన విషయమైనట్టు.

ప్రీమూవ్ అంటే తెలియనివాళ్లకు: అవతలివాడు ఆలోచిస్తుండగానే మన ఎత్తు వేసి పెట్టుకోవడం. వాళ్లు ఆడిన మరుక్షణం మనది దానంతటదే పడుతుంది. లిచెస్‌లో దానికి గడియారం అసలు కదలదు, కాకపోతే ఒకసారికి ఒక ప్రీమూవే పెట్టుకోగలవు. చెస్ డాట్ కామ్‌లో వరసగా ఎన్నైనా పెట్టుకోవచ్చు, కానీ ఒక్కోదానికి సెకనులో పదో వంతు కోసుకుంటారు. టైము తక్కువున్నవాడు బతికేదే ప్రీమూవ్ మీద. అయితే చెక్ పడగానే, రాజుని కాపాడని ప్రీమూవ్ ఏదైనా రద్దయిపోతుంది. అప్పుడు మనిషి కళ్లతో చూసి, చేత్తో కదపాలి. అర సెకను ఖర్చు. 5.1 సెకన్లున్నవాడికి పదకొండు అర సెకన్లంటే ఏమవుతుందో లెక్క వేసుకో.

ఇంకో చిన్న సంగతి, నేను ఆ రోజే గమనించాను. ఆ పదకొండు చెక్‌లూ ఒకే రెండు గళ్ల నుంచి ఇవ్వలేదు. రెండు చెక్‌లకొకసారి వరస మార్చాడు. ఒకే స్థితి మూడుసార్లు వస్తే డ్రా కదా. లిచెస్ సెట్టింగ్స్‌లో, టైము 30 సెకన్ల కంటే తక్కువున్నప్పుడు ఆ డ్రా దానంతటదే అడిగేలా పెట్టుకోవచ్చు. అవతలివాడు అలా పెట్టుకుని ఉంటే మూడో పునరావృతికి ఆట డ్రాగా ముగిసేది. ఏడు సెకన్లలో ఇన్ని ఎలా ఆలోచించాడని అడగబోతావేమో. ఆలోచించలేదు. అవన్నీ ఎప్పుడో తీర్చేసుకుని వచ్చి కూర్చున్నాడు.

అతని స్టైలంతా అదే. ఆట మధ్యలో తీసుకోవలసిన నిర్ణయాలను ఒక్కొక్కటిగా ఆట బయటికి నెట్టేశాడు. బుల్లెట్ అనే నిమిషం ఆటలో ఒక్కొక్కరికి 60 సెకన్లుంటాయి. ఆట 40 ఎత్తులు నడిస్తే ఎత్తుకు ఒకటిన్నర సెకను. అందులో ప్రతిసారీ "ఇప్పుడేం చెయ్యాలి" అనుకునేవాడు ఎంత తెలివైనవాడైనా అయిపోతాడు. ఇతను 40 ఎత్తుల్లో ఆ ప్రశ్న నాలుగైదుసార్లే వేసుకుంటాడు. మిగతావి మీ గుంటూరు బ్రాడీపేటలో పుట్టి పెరిగినవాడికి 4/14 అని అడ్రస్ చెప్పినట్టు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని మనసులో అనుకోడు, బండి దానంతటదే తిరుగుతుంది.

ఓపెనింగ్ తీసుకుందాం. నల్లపావులతో జీ6, శకటు జీ7కి, డీ6, గుర్రం ఎఫ్6కి, క్యాజిలింగ్ (ఏనుగుతో కలిపి రాజుని ఓ పక్కకు దాచే ఎత్తు). (బిషప్‌ని మా ఇంట్లో శకటు అనేవాళ్లు, నాకదే అలవాటు. ఏనుగంటే రూక్.) తెల్లపావులు వచ్చినా అదే బొమ్మ తిరగేసి: గుర్రం ఎఫ్3, జీ3, శకటు జీ2, క్యాజిలింగ్, డీ3, తర్వాత ఈ4. పుస్తకాల్లో దీన్ని కింగ్స్ ఇండియన్ అటాక్ అంటారు. నువ్వు ఏం ఆడినా అతనివి చాలావరకు ఆ ఎత్తులే. మొదటి పది ఎత్తులకు మూడు నిమిషాల ఆటలో అతను ఎనిమిది సెకన్లు దాటడు. నీ ఆటలు నేను తెరిచి చూశాను, నీకు సగటున 40 సెకన్లు అవుతోంది. అంటే ఆట మొదలవకముందే అతనికి అర నిమిషం కట్నం ఇచ్చి కూర్చుంటున్నావు. ఇంజిన్ దృష్టిలో ఆ పది ఎత్తుల తర్వాత నీది పావు బంటంత మెరుగైన స్థితి. అర నిమిషం ఇచ్చి పావు బంటు కొన్నావు. మూడు నిమిషాల ఆటలో ఈ బేరం గిట్టదు.

ఇక్కడో పిట్టకథ. ఇతను మొదట్లో రెండో ఎత్తుకు శకటుని జీ7కి ప్రీమూవ్ పెట్టేసేవాడు, కళ్లు మూసుకుని. ఒకరోజు ఎవడో మొదటి ఎత్తుకే బీ3 ఆడాడు. మనవాడు జీ6. అతను శకటుని బీ2కి తెచ్చాడు. ఇప్పుడు బోర్డు మనసులో వేసుకో: బీ2 నుంచి మూలగా గీత గీస్తే హెచ్8లో ఉన్న నల్ల ఏనుగు దాకా దారి ఖాళీ, ఎందుకంటే జీ7 బంటు ముందుకు జరిగింది. గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చి ఆ దారి మూస్తే ఏ గొడవా లేదు. కానీ మనవాడి ప్రీమూవ్ పడిపోయింది, శకటు జీ7కి వచ్చి కూర్చుంది. దానికి కాపలా ఎవరూ లేరు. తెల్ల శకటు దాన్ని కొట్టింది, వెనక మూలన ఇరుక్కున్న ఏనుగూ పోయింది. మూడు ఎత్తుల్లో ఆట ఖతం. బుల్లెట్ ఆడేవాళ్లు బీ3 ఎందుకంత ఇష్టపడతారో అర్థమైందా? దీన్నే ఎడమ వైపు తిప్పితే ఇంకో ఉచ్చు: తెలుపు జీ3, నలుపు బీ6, తెల్ల శకటు జీ2. అప్పుడు నల్ల శకటుని బీ7కి ప్రీమూవ్ పెట్టినవాడి గతి కూడా అదే. ఆ ఓటమి తర్వాత ఇతను రెండో ఎత్తు దగ్గర మాత్రం కళ్లు తెరిచి చూస్తాడు. ఎదుటివాడు మొదట బీ3 కాకుండా ఈ4, డీ4 లాంటిది ఆడితేనే ప్రీమూవ్.

అంటే అతని ప్రీమూవ్‌లు గుడ్డివి కావు. రెండో రకం ప్రీమూవ్ ఒకటుంది, అది నేర్చుకో, రేపట్నించే పనికొస్తుంది. నీ బంటు ఒకచోట ఉంది, దానికి నీ గుర్రం కాపలా. అవతలివాడు ఆ బంటుని కొట్టొచ్చు, కొట్టకపోవచ్చు. నువ్వు గుర్రాన్ని తీసి నీ సొంత బంటున్న గడి మీదికే ప్రీమూవ్ పెట్టు. వాడు కొడితే నీ గుర్రం తక్షణం తిరిగి కొడుతుంది, గడియారం కదలదు. కొట్టకపోతే నీ బంటు అక్కడే ఉంటుంది కాబట్టి ఆ ప్రీమూవ్ చెల్లదు, దానంతటదే రద్దవుతుంది. నష్టం సున్నా. ఇతను ఆటలో పెట్టే ప్రీమూవ్‌లలో సగానికి సగం ఇవే. నీవి గమనించాను, ఎక్కువ "ఇదే ఆడతాడులే" రకం. ఆడకపోతే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

మరి తాటిచెట్టు ఎక్కడ? పదమూడో ఎత్తు నుంచి పద్దెనిమిదో ఎత్తు మధ్యలో, ఎప్పుడూ అక్కడే. మూడు నిమిషాల ఆటలో ఒకే ఎత్తుకు 20, 25 సెకన్లు తీసుకోవడం చూశాను. పక్కన కూర్చున్న నాకు టెన్షన్. అతను మాత్రం కుర్చీలో వెనక్కి జారగిలబడతాడు. ఆ సమయంలో ఏం చూస్తున్నావని అడిగితే చెప్పాడు: ఎత్తు కోసం చూడడట. మంత్రులు బోర్డు మీద ఉండాలా వద్దా, ఏ బంటుని ఎక్కడిదాకా తొయ్యాలి, ఏ పావుని అసలు ముట్టుకోకూడదు, ఈ మూడే చూస్తాడట. ఆ మూడు తేలితే తర్వాతి పదిహేను ఎత్తులు వాటంతటవే వస్తాయి. నిజంగానే ఆ తాటిచెట్టు తర్వాత పదిహేను, ఇరవై ఎత్తులు ఎత్తుకొక సెకను పట్టవు.

నువ్వు తలకిందులుగా చేస్తున్నావు తమ్ముడూ. ప్రతి ఎత్తుకూ నాలుగైదు సెకన్లు సమానంగా పంచుతున్నావు, పెళ్లిపంక్తిలో వడ్డించినట్టు. ముప్పయ్యో ఎత్తుకు నీ దగ్గర గెలుపు స్థితి, 25 సెకన్లు. అతని దగ్గర ఓటమి స్థితి, 80 సెకన్లు. ఇంజిన్ గడియారం చూడదు కాబట్టి నీదే గెలుపంటుంది.

ఎత్తుల్లో గొప్పతనం లేదన్నావు చూడు, దాని సంగతి. అతను మంచి ఎత్తు వెతకడు, నీకు ఇబ్బంది కలిగించే ఎత్తు వెతుకుతాడు. తనకు కష్టంగా ఉన్నప్పుడు పావులు మార్చుకోడు, బోర్డు నిండుగా ఉంచుతాడు. నిండుగా ఉంటే నీకు చూడాల్సినవి ఎక్కువ. తనది పైచెయ్యి అయ్యాక టకటకా మార్చేసుకుంటాడు. రాజుని హెచ్8కి జరపడం, ఏ6 ఆడడం లాంటి ఊపిరి ఎత్తులు చాలా వేస్తాడు. వాటివల్ల ఏమీ చెడదు, ఏమీ బాగుపడదు. కానీ "ఇదెందుకు ఆడాడబ్బా" అని నువ్వు ఆరు సెకన్లు ఆలోచిస్తావు. నువ్వు అందరిలాగే ఆలోచిస్తున్నావు. నేనూ అంతే ఆలోచించాను, అతనితో ఆడిన ఎనిమిది ఆటల్లో ఏడు ఓడాను. ఎనిమిదోది అతనికి వాళ్లమ్మ ఫోన్ వచ్చింది.

మరొకటి, దీన్ని మాత్రం నా పిల్లలందరికీ ఇప్పుడు నేర్పుతున్నాను. టైము అయిపోతున్నప్పుడు నీ గెలుపు సంగతి మర్చిపోయి, అవతలివాడు గెలవలేకుండా చెయ్యి. నీ ఫ్లాగ్ పడినా, అంటే టైము అయిపోయినా, అవతలి వైపు ఒట్టి రాజు మాత్రమే మిగిలి ఉంటే అది ఓటమి కాదు, డ్రా. కాబట్టి రెండు సెకన్లున్నప్పుడు వాడి చివరి బంటుని నీ ఏనుగు ఇచ్చయినా తీసెయ్. ఈ కుర్రాడు ఆ పని ఎంత నిర్దాక్షిణ్యంగా చేస్తాడంటే, మంత్రిని ఇచ్చేసి బంటుని కొట్టడం చూసి ఒకసారి నేను అరిచాను. డ్రా. అర పాయింటు జేబులో వేసుకుని తర్వాతి ఆటకు వెళ్లిపోయాడు.

ఎంత సరిపోతుందో తెలిసి, అంతే ఆడడం చిన్న విషయం కాదు. మన విజయవాడ కోనేరు హంపి గారు 2019లో మాస్కోలో ప్రపంచ మహిళల రాపిడ్ టైటిల్ గెలిచిన తీరు గుర్తు చేసుకో. చైనాకు చెందిన లే టింగ్‌జియేతో టైబ్రేక్ సమానమై ఆర్మగెడాన్ (తేల్చేసే ఆఖరి ఆట) దాకా వెళ్లింది. అందులో నల్లపావులకు టైము తక్కువ, కానీ డ్రా అయితే చాలు, టైటిల్ వాళ్లదే. హంపి గారిది నలుపు. డ్రా చేశారు, టైటిల్ తెచ్చుకున్నారు. 2024లో న్యూయార్క్‌లో మొదటి రౌండే ఓడిపోయి కూడా 11 రౌండ్లకు 8.5 పాయింట్లతో మళ్లీ గెలిచారు. హంపి గారి ఆటకూ ఈ కుర్రాడి ఆటకూ పోలిక తెస్తున్నానని ఎవరూ కొట్టడానికి రావద్దు. ఆమె 2002లోనే, 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్. గుంటూరులో పుట్టిన హరికృష్ణ గారు 2004లో ప్రపంచ జూనియర్ ఛాంపియన్. అదే గుంటూరు నుంచి గ్రాండ్‌మాస్టర్ హారిక గారు. వాళ్లది వేరే లోకం. బోర్డు ముందు ఎదురెదురుగా కూర్చుని, పావుని చేత్తో పట్టుకుని, గడియారం నొక్కి ఆడే లోకం. ప్రపంచ రాపిడ్ 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు అదనం. ప్రపంచ బ్లిట్జ్ 3 నిమిషాలు, ఎత్తుకు 2 సెకన్లు అదనం. ఆ రెండు సెకన్లే మొత్తం మార్చేస్తాయి. 60 ఎత్తుల ఆటకు 180 సెకన్లు కాస్తా 300 అవుతాయి. ఇంకా ముఖ్యంగా, ఆఖర్లో ఎప్పుడూ రెండు సెకన్లు ఉంటాయి. మన కుర్రాడి పదకొండు చెక్‌లు అక్కడ పారవు.

ఆన్‌లైన్‌లో ఈ విద్యను శిఖరానికి తీసుకెళ్లింది అమెరికా గ్రాండ్‌మాస్టర్ హికారు నకమురా. చెస్ డాట్ కామ్ స్పీడ్ చెస్ ఛాంపియన్‌షిప్ 2018 నుంచి 2022 దాకా వరసగా ఐదుసార్లు అతనిదే. 2022 ఫైనల్లో నార్వే గ్రాండ్‌మాస్టర్ కార్ల్‌సన్ మీద ఒక్క పాయింటు తేడాతో గెలిచాడు, మరుసటి ఏడు కార్ల్‌సన్ బాకీ తీర్చుకున్నాడు. మనవాళ్లలో చూడాలంటే త్రిస్సూర్ కుర్రాడు నిహాల్ సరీన్ ఆటలు చూడు. 2020, 2021లో జూనియర్ స్పీడ్ చెస్ ఛాంపియన్. ఆ వేగంలో కూడా అతని ఎత్తులు నెమ్మదైన ఆటలోలాగే ఉంటాయి, తొందర వాసన రాదు. మన జీ6 కుర్రాడు రాత్రుళ్లు కూర్చుని చూసేది నిహాల్ ఆటలే. చూడ్డమంటే ఎలా? ఎత్తులు కాదు, గడియారాన్ని చూస్తాడు. ఎక్కడ ఆగాడు, ఎందుకు ఆగాడు. అక్కడ వీడియో ఆపేసి ఇంకో కాగితం మీద రాసుకుంటాడు. నా కళ్లతో చూశాను ఆ నోటుబుక్కు, కిరాణా పద్దులా ఉంది.

అతని లోపాలు కూడా చెప్పాలి కదా, నీకు పనికొచ్చేవి అవే.

మొదటిది, ఇంక్రిమెంట్ ఉంటే సగం మనిషి. ఒకసారి ఇక్కడే జరిగిన రాపిడ్ టోర్నమెంటుకు బలవంతాన తీసుకెళ్లాను. ఏడు రౌండ్లకు మూడు పాయింట్లు. పన్నెండేళ్ల పాప చేతిలో ఓడాడు. ఆ పాప ప్రతి ఎత్తుకూ ఎత్తుకు దక్కే పది సెకన్లనూ పూర్తిగా వాడుకుని ఆడింది, ఊపిరి ఎత్తులకు అసలు చలించలేదు. పైగా నిజం బోర్డు మీద ఇతనికి చెయ్యి ఆడదు. పావు వేసి గడియారం నొక్కడం మర్చిపోయి, అవతలివాళ్ల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు రెండుసార్లు. ఆన్‌లైన్‌లో గడియారం దానంతటదే ఆగుతుంది మరి.

రెండోది, మంత్రులు తొందరగా మారిపోతే అతనికి నచ్చదు. బోర్డు ఖాళీ అయితే ఊపిరి ఎత్తుల బెదిరింపు తగ్గిపోతుంది. పన్నెండో ఎత్తులోపు మంత్రిని మార్చుకోగలిగితే మార్చుకో, కాస్త నష్టమైనా ఫర్వాలేదు. నువ్వు గెలిచిన ఆ ఒక్క ఆట అలాగే గెలిచావు, చూసుకో.

మూడోది నీ చేతుల్లోనే ఉంది. అతనితో ఆట పడగానే బెర్సర్క్ నొక్కుతున్నావు. 12 ఆటల్లో ఏడుసార్లు నొక్కావు. అరీనాలో గెలిస్తే ఒక పాయింటు అదనంగా వస్తుందన్న ఆశ అర్థమవుతుంది, కానీ నీ మూడు నిమిషాలు ఒకటిన్నర అవుతాయి. సమయాన్నే ఆయుధంగా పెట్టుకున్నవాడికి నీ సమయం సగం తీసి ఇవ్వడం ఏం లెక్క? బలహీనుల మీద నొక్కుకో, అతని మీద వద్దు.

నేర్చుకోవచ్చా అన్నావు. వస్తుంది, కొంతవరకు. ముందు ఒక నెల బుల్లెట్ పూర్తిగా మానెయ్. 3+2 (మూడు నిమిషాలు, ఎత్తుకు రెండు సెకన్లు అదనం) ఆడు. రోజుకు ఆరు ఆటలు చాలు. ప్రతి ఆట తర్వాత ఇంజిన్ కంటే ముందు సమయం గ్రాఫ్ తెరువు. నీ తాటిచెట్టు ఎక్కడుందో చూడు. అసలు లేకపోతే అదే రోగం. ఓపెనింగ్ తెలుపుకొకటి, నలుపుకొకటి పెట్టుకో, జీ6 అవసరం లేదు, నీకు అలవాటైనదేదైనా సరే, కానీ ఎనిమిది ఎత్తుల దాకా చెయ్యి దానంతటది పోవాలి. లిచెస్‌లో పజిల్ స్టార్మ్ అని మూడు నిమిషాల ఆట ఉంటుంది, తప్పు చేస్తే పది సెకన్లు పోతాయి. అది రోజూ రెండుసార్లు. రాజు, ఏనుగుతో ఒంటరి రాజుని కట్టడం పది సెకన్లలో వచ్చేదాకా సాధన చెయ్యి. రాజు, మంత్రితో కూడా. మంత్రితో తొందరలో స్టేల్‌మేట్ (చెక్ లేకుండానే అవతలివాడికి ఎత్తు లేకుండా పోయి డ్రా కావడం) చేసేవాళ్లే ఎక్కువ, అందుకే ఇతను కొన్నిసార్లు బంటు చివరికి వెళ్తే మంత్రికి బదులు ఏనుగుని తీసుకుంటాడు. నేను మొదట అది పొగరనుకున్నాను.

ఫోన్‌లో ఆడుతున్నానన్నావు. ఫోన్‌తో అతన్ని బుల్లెట్‌లో గెలవలేవు. వేలు అడ్డం వస్తుంది, బోర్డు కనపడదు. మామూలు మౌస్ చాలు, ఖరీదైనది కొనక్కర్లేదు. సెట్టింగ్స్‌లో పావులు జారే యానిమేషన్ తీసెయ్, బంటు మంత్రిగా మారడం ఆటోమేటిక్ పెట్టు (ఏనుగు కావలసినప్పుడు మార్చుకోవడం నేర్చుకో), జెన్ మోడ్ పెడితే అవతలివాడి పేరు, రేటింగ్ కనపడవు. నీకు అది చాలా అవసరం. అతని పేరు చూడగానే నీ మొదటి ఎత్తుకే చెయ్యి వణుకుతోందని గ్రాఫ్‌లో తెలిసిపోతోంది. ఇక హాస్టల్ వైఫై సంగతి నేనేం చెప్పలేను. లిచెస్ నెట్ ఆలస్యాన్ని కొంత లెక్కలోకి తీసుకుని టైము వెనక్కి ఇస్తుంది, మొత్తం ఇవ్వదు.

ఒక్క హెచ్చరిక. ఈ స్టైలు అలవాటైతే నెమ్మది ఆటలో చెయ్యి ముందు పోతుంది, బుర్ర వెనక వస్తుంది. టోర్నమెంట్లు ఆడాలనుకునే చిన్నపిల్లలు దీని జోలికి పోవద్దని నేను గట్టిగా చెప్తాను. నువ్వు ఇంజనీరింగ్ చదువుకుంటూ సరదాకి ఆడేవాడివి, ఫర్వాలేదు. రాత్రి రెండింటి దాకా మాత్రం ఆడకు. మణికట్టు నొప్పి నాకు ఇప్పటికీ తగ్గలేదు.

వచ్చే ఆదివారం అతనితో ఆట పడి నీకు తెల్లపావులు వస్తే, మొదటి ఎత్తుకు బీ3 ఆడు. ఉచ్చులో పడతాడని కాదు, పడడు. రెండో ఎత్తుకు శకటుని బీ2కి తెచ్చి అతని గడియారం చూడు. మిగతా అందరితో సున్నాలో ఆడే ఆ ఎత్తుకి నీతో రెండు సెకన్లు తీసుకుంటాడు. తర్వాత గుర్రం ఎఫ్6కి తెస్తే శకటుతో ఆ గుర్రాన్ని కొట్టు, ఈ7 బంటుతో తిరిగి కొడతాడు, అతనికి అలవాటైన బంట్ల వరస అక్కడితో చెదిరిపోతుంది. అక్కణ్ణించి అతను కూడా నీలాగే ప్రతి ఎత్తూ చూసి ఆడాలి. ఏమైందో రాయి.